బుధుడి మీద పడ్డ నా తప్పు

పాపనా, బాబునా అని తెలిసిన వెంటనే మనవాళ్ళు అడిగే మాట "టైమెంత?" అని. తల్లి ఎట్లా ఉందన్నది ఆ తర్వాతి సంగతి, అడిగితే.

తాండూరులో ఒక చిన్న కాన్పుల ఆస్పత్రిలో నేను ఆయాగా పనిచేశాను. ఇప్పుడు ఆ ఆస్పత్రి లేదు, ఆ చోట టైల్స్ దుకాణం ఉంది. నేను చేరినప్పుడు నా కొడుకు పాలు తాగుతున్నాడు, మానేసినప్పుడు వాడి కొడుకు బడికి పోతున్నాడు. అన్నేళ్ళూ ఆ "టైమెంత?"కు జవాబు చెప్పే పని నాదే. డాక్టరమ్మ చెప్పదు, సిస్టరమ్మకు తీరిక ఉండదు. బట్టలో చుట్టిన పిల్లను పట్టుకుని తలుపు తీసేది ఆయా కాబట్టి, ఆయా నోట్లోంచి ఏ అంకె వస్తే దాని మీదే జాతకం. మూడో తరగతి చదివినదాన్ని నేను. చదివినవాళ్ళంతా నా మాట రాసుకుని పంతులు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలూ, మీకోసమే ఇది రాస్తున్నాను. నా గొప్పలు రాయమని అడిగితే రాయను. గొప్పలు అందరికీ ఉంటాయి. నేను చేసిన ఒక తప్పు రాస్తాను.

ముందు మా పద్ధతి చెప్పాలి. పిల్ల భూమ్మీద పడ్డాక బొడ్డు కోయాలి, తుడవాలి, తూకం వేయాలి. తల్లికి మాయ పడాలి, కుట్లుంటే వేయాలి. నేల కడగాలి. ఇవన్నీ కాకుండా బయటికి కబురు పోకూడదని సిస్టరమ్మ ఆర్డరు. కబురు పోతే బంధువులు లోపలికి తోసుకొస్తారు. ఇదంతా అయ్యేసరికి తక్కువలో తక్కువ అరగంట. అప్పుడు నేను తలుపు తీస్తాను. బయటున్నవాళ్ళలో చాలామంది నా జవాబు కోసం ఆగకుండా చేతి గడియారం చూసుకుని ఆ టైము రాసుకుంటారు. తల కనబడ్డ వేళ లెక్కా, నేల మీద పడ్డ వేళ లెక్కా, బొడ్డు కోసిన వేళ లెక్కా అని పంతుళ్ళు వాదించుకుంటారట. మా తాండూరులో వాటికి తోడు నాలుగోది ఉండేది: ఆయా తలుపు తీసిన వేళ. చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్ని జాతకాలు నా నడక మీద నడుస్తున్నాయో దేవుడికే తెలియాలి. నాకు మోకాలు నొప్పి ఉన్న రోజున పుట్టినవాళ్ళది మరీ ఆలస్యం.

తెలియక చేశానని అనను. తెలుసు. అయినా కాన్పు గదిలో గోడ గడియారం ఉంది కాబట్టి, ఆగి అడిగిన వాళ్ళకు సరైన టైము చెప్పేదాన్ని. ఆ గడియారం ఆగిపోయిన రోజుల్లోనే ఇది జరిగింది. ఆపింది కూడా నేనే.

అప్పట్లో పగలూ లేదు రాత్రీ లేదు, కరెంటు పోయేది. కుట్లు వేసేటప్పుడు డాక్టరమ్మకు టార్చి పట్టుకోవాలి. టార్చికి రెండు పెన్సిల్ సెల్లులు. ఒకటి అయిపోయింది. కొత్తవి కావాలని చీటీ రాసి పంపితే నెల దాకా జవాబు రాదు. సొంత డబ్బుతో కొనడం నా వంట్లో లేదు. గోడ గడియారంలో ఒక సెల్లు ఊరికే తిరుగుతోంది కదా అని తీసి టార్చిలో వేశాను.

నాతోపాటు పనిచేసే ఇంకో ఆయా ఉండేది. నాకన్నా పెద్దది, అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. స్టూలెక్కి సెల్లు తీస్తున్న నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అరె, గడియారం జాన్ తీస్తున్నవ్ గదనే! రేపు టైమెంతని అడిగితే ఏం చెప్తవ్?"

"సైరన్ ఉంది గద ఆపా. ఫ్యాక్టరీ ఉన్నన్ని దినాలు మనకు గడియారమెందుకు?"

"నీ కంజూసీకి ఓ సలాం" అని చీపురు అందుకుంది.

నేను తప్పు అనుకోలేదు. ఇప్పటికీ అనుకోను. తల్లి ఒంటికి కుట్టు సరిగ్గా పడడం ముఖ్యమా, గోడ మీద ముల్లు తిరగడం ముఖ్యమా? నా తప్పు అది కాదు. చెప్తాను.

ఆ రోజు ఫాల్గుణ మాసం, ఎండ ముదురుతోంది. ఒక అమ్మాయికి తొలి కాన్పు. సిమెంటు ఫ్యాక్టరీలో రెండు గంటల షిఫ్టుకు ముందు పావుగంట ఉందనగా ఒక కూత కూసేది. రెండింటికి మళ్ళీ ఒకటి. ఆ మొదటి కూత వినబడుతుండగానే ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడుపూ సైరనూ కలిసిపోయాయి. తర్వాత తల్లికి రక్తం ఆగలేదు. డాక్టరమ్మ, సిస్టరమ్మ, ఆపా, నేను, అందరం ఆ మంచం చుట్టూనే. కరెంటు కూడా అప్పుడే పోయింది. గడియారంలోంచి తీసిన సెల్లుతోనే టార్చి పట్టాను. ఎట్లాగో రక్తం ఆగింది. రెండో సైరన్ ఎప్పుడు కూసిందో కూడా నేను వినలేదు.

పిల్లను చుట్టి తలుపు తీశాను. ఆ అమ్మాయిని కన్న తల్లి బయట నిలబడి ఉంది. "టైమెంత?" అంది.

అప్పుడు నా చీర నిండా రక్తం. మొదటి సైరన్‌కు పుట్టిందమ్మా అని ఒక్క మాట చెప్పాలి. చెబితే, మరి ఇంతసేపు ఎందుకు చెప్పలేదు, లోపల ఏమైంది అని వంద అడుగుతారు. వాటికి జవాబు చెప్పే ఓపిక లేదు.

"ఇప్పుడే" అన్నాను.

పక్కనున్న ఆమె కొడుకు చేతి గడియారం చూసి రాసుకున్నాడు. రెండూ ఇరవై అయిదు. నా తప్పు ఆ ఒక్క మాట.

సిస్టరమ్మ రిజిస్టరు కూడా పని అంతా అయ్యాక సాయంత్రం అందాజుగా రాసిందే. కాబట్టి ఆ పిల్ల నిజంగా ఎప్పుడు పుట్టిందో కాగితం మీద ఎక్కడా లేదు.

పదిహేడేళ్ళు గడిచాయి. నేను పని మానేసి వికారాబాద్‌లో నా కూతురి దగ్గర ఉంటున్నాను. ఒక సోమవారం పొద్దున పచ్చ చుడీదార్ వేసుకున్న పిల్ల ఒకతి గుమ్మంలో నిలబడింది. నేను ఫలానా ఆస్పత్రిలో చేసిన ఆయానేనా అని అడిగింది. అడగడానికి చాలాసేపు పట్టింది. నత్తి.

ఆ పిల్ల చెప్పింది ఇదీ. ఇంటర్ అయింది, వికారాబాద్‌లోనే నర్సింగ్ సీటు వచ్చింది. బుధవారం సాయంత్రం నాలుగు లోపల సర్టిఫికెట్లు ఇవ్వకపోతే సీటు పోతుంది. సర్టిఫికెట్లు అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఉన్నాయి, తాళంచెవి ఆమె బొడ్లో ఉంది, ఆమె ఇవ్వదు. ఎందుకంటే పిల్ల జాతకంలో బుధుడు పాడయ్యాడు. పన్నెండో ఇంటికి అధిపతి, పైగా మీనంలో నీచ, సూర్యుడి పక్కన పడి, ఆ వెలుగులో మునిగి అస్తంగతుడు. బుధుడంటే మాట, చదువు. రెండూ నిలవవు అన్నారట. నత్తి వచ్చేసరికి ఆ మాట రుజువైపోయింది. బుధుడు మేనమామకు కూడా కారకుడట. మామ స్కూటర్ మీది నుంచి పడి చెయ్యి విరిగితే అదీ ఈ పిల్ల లెక్కలోనే పడింది. అప్పటినుంచీ ఒంటి మీద ఎప్పుడూ పచ్చ బట్టలు, పచ్చ గాజులు, బుధవారం బుధవారం పెసలు దానం, ఆవుకు పచ్చగడ్డి.

"ఆ... ఆవు మస్తు బలిసింది అవ్వా" అంది. "నా నా... నాలుక అట్లనే ఉంది."

నవ్వొచ్చింది గాని నవ్వలేదు.

"పంతులు అడిగిండు, రెండూ ఇరవై అయిదు ఖాయమేనా అని. దవాఖాన ఆయా చెప్పింది, ఖాయమే అని అమ్మమ్మ అన్నది. ని... నిజంగ ఖాయమేనా అవ్వా?"

ఆ కరెంటు పోయిన మధ్యాహ్నం, ఆ రక్తం, ఆ సైరన్ అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. తప్పని చెప్పడానికి నోరు రాలేదు. ఒక్క పిల్లకు తప్పు చెప్పానంటే తాండూరంతా నా గుమ్మం ముందుకొస్తుంది. అన్నేళ్ళ పనిలో ఆయా దగ్గర ఉండేది పేరొక్కటే.

"అన్ని కాన్పులు యాదికుంటయా బిడ్డా? చెప్పిన టైమే టైము. పో, ఇంటికి పో" అన్నాను.

ఆ పిల్ల చెప్పులు వేసుకుని వెనక్కి తిరిగింది. "అయితే నే... నేను గట్లనే పుట్టినన్నట్టు" అంది. నన్ను అడగలేదు. తనకు తానే చెప్పుకుంది. వెళ్ళిపోయింది.

మంగళవారం ఉన్నదంతా ఇంట్లో చెప్పాను. నా కూతురు బియ్యం కడుగుతూ అంది: "నీ పేరు పోతదని భయమా అమ్మా? నీ పేరు ఎవరికి తెలుసే? అందరు నిన్ను ఆయా అనే పిలిచిండ్రు."

నా కూతురి నోరు నా నోరే. నిజం కక్కేస్తుంది.

బుధవారం పొద్దున మొదటి రైలెక్కి తాండూరులో దిగాను. ఆటో ఎక్కకుండా నడిచాను. నర్సింగ్ సీటు వచ్చిన పిల్ల ఇల్లు ఏదని అడుగుతూ పోతే మొత్తానికి దొరికింది. ముందు గదిలోనే మేనమామ కిరాణా దుకాణం. వెనక వరండాలో అమ్మమ్మ పెసలు చెరుగుతోంది. ఆమె కూడా నాలాగే ముసలిదైంది.

"ఎవలమ్మా నువ్వు?"

"మీ మనుమరాలిని చేతుల్ల పెట్టిన ఆయాను."

చేట ఆపి చూసింది. "ఆ! యాదికొచ్చింది. పిల్లను ఇచ్చేటప్పుడు గూడ మొఖం మాడ్చుకుని ఇచ్చినవ్."

"నా మొఖమే అంత. మీ పంతులును పిలిపియ్యి. పిల్ల పుట్టిన టైము తప్పు. ఆ తప్పు చెప్పింది నేనే."

పంతులు వచ్చేదాకా అమ్మమ్మ పెసలు చెరుగుతూనే ఉంది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, నేనూ అడగలేదు. పంతులు నా కొడుకు వయసువాడు, నెమ్మదస్తుడు. అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పాను. గడియారంలో సెల్లు తీసిన సంగతి, సైరన్ సంగతి, "ఇప్పుడే" అన్న సంగతి.

మేనమామ లేచాడు. "పదిహేడేండ్ల తర్వాత ఇయ్యాల యాదికొచ్చిందా? సీటుకు ఆఖరు దినమే యాదికొచ్చిందా? మా పిల్లనే నిన్ను బతిమాలి తోలుకొచ్చింది. నాకు ఎరుక గాదా?"

"బతిమాలింది. నేను ఎల్లగొట్టిన. ఇయ్యాల నా కాళ్ళ మీద నేనే వచ్చిన."

"సాక్ష్యమేంది?"

సాక్ష్యం లేదు. డాక్టరమ్మ పోయింది. ఆపా కూడా పోయింది. నా మాట ఒక్కటే ఉంది, అది ఒకసారి తప్పిన మాట.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి గొంతు వచ్చింది. పిల్ల తల్లి. నాపరాళ్ళ పాలిష్ పనికి పోతుంది, ఆ రోజు పోలేదు. చేతుల నిండా రాతి పొడి పగుళ్ళు.

"సైరన్ నేను గూడ విన్న. ఫస్టు కూత. ఆ కూతకే పిల్ల కింద పడ్డది. మొత్తుకునేది సైరనా, పిల్లనా అనుకున్న."

మేనమామ నోరు తెరిచాడు. "గిన్నేండ్ల సంది చెప్పకపోతివి అక్కా?"

"ఎవలు అడిగిండ్రు తమ్మీ?"

ఎవరూ అడగలేదు. పంతులు అడగలేదు, తల్లి అడగలేదు, తమ్ముడు అడగలేదు. నేనూ అడగలేదు. పిల్లను కన్నది ఆమె. టైము మాత్రం తలుపు బయట నిలబడ్డవాళ్ళు రాసుకున్నారు. ఆ మాటతో నాకు చెంప మీద కొట్టినట్టయింది.

పంతులు ఫోన్ తీసి కొత్త టైము కొట్టాడు. ఇప్పుడు పంచాంగం కూడా ఫోనులోనే కదా. కాసేపు చూసి కళ్ళజోడు తీశాడు.

"లగ్నం మారిందమ్మా. అప్పుడు కర్కాటకం, ఇప్పుడు మిథునం. అప్పుడు బుధుడు పన్నెండో ఇంటికి, అంటే నష్టపు ఇంటికి అధిపతి. ఇప్పుడు లగ్నానికే అధిపతి. ఉన్నది పదో ఇంట్లో. అది పని చేసుకునే ఇల్లు."

అమ్మమ్మ ముఖం కొంచెం విచ్చుకుంది. చెయ్యి బొడ్డు దాకా పోయింది.

"కానీ" అన్నాడు పంతులు. చెయ్యి ఆగింది. "రాశి మారలేదు. మీనంలో నీచ నీచనే. సూర్యుడి పక్కనే ఉన్నడు, అస్తంగతుడే."

"అయితే మంచా, చెడ్డా?"

"మంచీ చెప్పొచ్చు, చెడ్డా చెప్పొచ్చు."

"మరి నా స్కూటర్?" అన్నాడు మేనమామ.

"నీ స్కూటర్ లగ్నం నాకు తెల్వది" అన్నాడు పంతులు.

ఆ మనిషి మీద నాకు అప్పుడే గౌరవం పుట్టింది. తెలియనిది తెలియదన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆ రోజు నా వల్ల కాలేదు. కానీ పదకొండు దాటిపోతోంది, పెట్టె తాళం బొడ్లోనే ఉంది. నా తప్పు ఒప్పుకుంటే అంతా సర్దుకుంటుందని వచ్చాను. ఏమీ సర్దుకోలేదు.

"పంతులుగారూ," అన్నాను, "నీచ, ఉచ్చ అన్నీ పక్కన పెట్టుండ్రి. బుధుడంటే ఎవలు? నాలాంటి మూడో తరగతి దానికి తెలిసేటట్టు చెప్పుండ్రి."

ఆయన ఫోన్ జేబులో పెట్టాడు. "గ్రహాలల్ల పిల్లగాడు. రాకుమారుడంటరు. మాట, లెక్క, నేర్చుకునే తెలివి ఆయనవి. ఒక్కటే చిక్కు. ఆయనకు సొంత గుణం తక్కువ. మంచోళ్ళ పక్కన ఉంటే మంచోడు, పాపుల పక్కన ఉంటే పాపి. ఎవల పక్కన కూసుంటే వాళ్ళ గుణం పట్టుకుంటడు."

ఇంతవరకూ గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్ల ఒక అడుగు ముందుకొచ్చింది.

"అ... అ... అమ్మమ్మా. న... న..."

"నర్సింగ్ వద్దంటున్నవా?" అన్నాడు మామ, ఆమె మాట తానే పూర్తిచేస్తూ.

"ఆగు!" అన్నాను. వార్డులో బంధువుల మీద అరిచిన గొంతు అది, ఇంకా పోలేదు. "ఆమె నోరు ఆమెది. అయ్యేదాక ఆగు."

అందరూ ఆగారు. పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది.

"నన్ను ఎ... ఎవల పక్కన కూసోబెడ్తవో నువ్వే చెప్పు. మా... మామ దుకాణంల కూసోబెడితే పొట్లాలు కట్టుడు నేర్సుకుంట. సిస్టర్ల పక్కన కూసోబెడితే గా... గా పని నేర్సుకుంట. బు... బుధుడు యాడ ఉంటె ఏంది? న... నన్ను యాడ పెడతవో చెప్పు."

అమ్మమ్మ చేట కింద పెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు. "నాకు భయమే" అంది. "పేషెంటు పేరు పిలువనీకే నీకు ఇంతసేపు పడితే, అందరు నవ్వరా బిడ్డా?"

"ని... నిమ్మలంగ పిలుస్త. మంచాన పడ్డోళ్ళు యా... యాడికి పోతరు?"

మొదట నవ్వింది పంతులు. తర్వాత తల్లి. మేనమామ కూడా మూతి బిగపట్టుకుని ఓడిపోయాడు. అమ్మమ్మ నవ్వలేదు. బొడ్లోంచి తాళంచెవి తీసి పెసల చేటలోకి విసిరింది.

"నోరైతే లేసింది. తీస్కపో."

పిల్ల పెట్టె వైపు పరిగెత్తింది. అమ్మమ్మ నా వైపు తిరిగింది. "నీ మీద కోపం పోలే. గిన్నేండ్ల గడ్డి, గిన్నేండ్ల పెసలు."

"పోవద్దు, ఉంచుకో" అన్నాను. "ఆవును మాత్రం ఏమనకు."

పిల్లతో పాటు నేనూ వికారాబాద్ బస్సెక్కాను. మూడున్నరకు ఆ ఆఫీసు ముందున్నాం. గుమస్తా రేపు రమ్మన్నాడు. నా మొఖం మాడ్చాను. ఆ రోజే తీసుకున్నాడు.

ఆ తర్వాత సంగతి జనం నన్ను అడుగుతుంటారు. నత్తి పోయిందా అని. పోలేదు. పోతేనే ఆమె గెలిచినట్టా? ఇప్పుడామె చివరి ఏడాది, కాన్పు వార్డులో డ్యూటీ వేస్తున్నారు. బుధుడు నిజమా అబద్ధమా అని కూడా అడుగుతారు. నాకు తెలియదు. పైన ఎక్కడో తిరిగే ఆయనకు నేను జవాబుదారీ కాదు. కింద నా నోట్లోంచి వచ్చిన "ఇప్పుడే"కు జవాబుదారీని. పిల్ల చదువు ఆపడానికి ఎవరైనా గ్రహం పేరు చెబితే, ముందు ఆ గ్రహానికి టైము చెప్పిన ఆయాను పట్టుకు రండి. నా మటుకు నేను వస్తాను.

మొన్న దసరా సెలవులకు ఊరికి పోతూ ఆ పిల్ల డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. అన్నం ముందు చేతులు కడుక్కోవడానికి లేస్తే, ఎడమ అరచేతిలో నీలి సిరాతో అంకెలు కనబడ్డాయి. ఏందని అడిగాను.

"పొ... పొద్దున ఒక పాప పుట్టింది అవ్వా. బొడ్డు కోసే ముందలే రాసుకున్న."

"తల్లి?"

"బా... బాగుంది. ఆమెను గూడ అడిగిన, ని... నీకేమన్న వినబడ్డదా అని. కోడి కూసిందన్నది. అది గూడ రాసిన."

నేను తోటకూర కట్టకు కూడా బేరమాడే మనిషిని. పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఒక్కదానికి మాత్రం ఆడను. ఆ పిల్ల వచ్చి పోయేటప్పుడల్లా సందు చివరి దుకాణానికి పోయి, అడిగినంతా ఇచ్చి, రెండు పెన్సిల్ సెల్లులు తెచ్చి, ఆమె బస్సెక్కేటప్పుడు సంచిలో వేస్తాను.

"గోడ గడియారంల వెయ్యి. టార్చికి కావాలంటే వేరే అడుగు" అంటాను.

"అ... అ..." అని మొదలుపెడుతుంది. బస్సు హారన్ కొడుతుంటుంది. కండక్టర్‌ను ఆగమంటాను. మాట పూర్తయ్యేదాకా నిలబడే వింటాను.